అత్తయ్యగారి డిస్కు, నా డబ్బా

జూన్ 3, సోమవారం

నోరు జారాను.

అత్తయ్యగారి కంప్యూటర్ పోయింది. తెర మీద ఒక బూడిదరంగు గీత, తర్వాత అదీ లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ షోరూముకు మోసుకెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి దాన్ని చూసి, అయ్యో, ఇలాంటిది మా తాతగారింట్లో ఉండేదండీ అంది. మదర్‌బోర్డు పోయిందట. ఆ మోడల్‌కి బోర్డులు రావట్లేదట. కొత్తది కొనుక్కోమంది. కొత్తదాంట్లో కొత్త సిస్టమే, అంటే కంప్యూటర్‌ని నడిపించే ప్రోగ్రామే, ఉంటుంది. కొత్త సిస్టమ్‌లో అత్తయ్యగారు అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు దుకాణం కట్టేసి చాలాకాలమైంది.

భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. అత్తయ్యగారు కంచంలో చెయ్యి ఆపేశారు. అది చూడగానే నాకు ఎక్కడలేని వీరావేశం వచ్చింది. ఆ సిస్టమ్ నడవడానికి ఆ కంపెనీ డబ్బాయే ఎందుకండీ, విడిభాగాలు తెచ్చి నేనే ఒకటి కడతాను, మీ పాత సిస్టమ్ అందులో వేస్తాను, లోకమంతా చేస్తున్నారు, మహా అయితే వారం పని అన్నాను.

నేను లిఫ్టుల సర్వీస్ సూపర్‌వైజర్‌ని. అంతస్తుల కొద్దీ జనం నా మాట మీద వేలాడుతుంటారు. ఒక డబ్బా ఎంత?

మా ఆవిడ స్కూల్లో ఒకటో తరగతి టీచర్. హోంవర్క్ చేశాను గానీ పుస్తకం ఇంట్లో మర్చిపోయాను అనే పిల్లల్ని ఎలా చూస్తుందో నన్ను అలా చూసింది.

జూన్ 5, బుధవారం

అసలు సంగతి రాసుకోవాలి, లేకపోతే ఈ తిప్పలన్నీ ఎందుకు పడ్డానో రేపు నాకే అర్థం కాదు.

అత్తయ్యగారు మాతోనే ఉంటారు, వెనక గదిలో. జీవితమంతా పుస్తకాల అట్టలకీ, దుకాణాల బోర్డులకీ అక్షరాలు గీసిన మనిషి. కొన్నేళ్లుగా చిన్నపిల్లల కోసం ఒక తెలుగు ఫాంట్ చేస్తున్నారు. పిల్లలకు ప, వ తికమక కాకూడదని ఆవిడ పట్టుదల. బడి పుస్తకాలు వేసే సంస్థ ఎడిటరమ్మ అది చూసి ముచ్చటపడి, ఆగస్టు ఆఖరుకి ఇస్తే కొత్త వాచకం అందులోనే వేస్తామంది. ఇవ్వలేకపోతే దగ్గరున్న దాంతో కానిస్తారట.

దగ్గరున్నది ఏమిటంటే, అత్తయ్యగారు వయసులో ఉన్నప్పుడు గీసిన పాత అక్షరాలే. వాటిని ఎవడో ప్రబుద్ధుడు అచ్చంగా ఎత్తుకుని, తన పేరు తగిలించి, సీడీల్లో అమ్ముకున్నాడు. ఇప్పటికీ అమ్ముతున్నాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

కాబట్టి వెనక్కి తగ్గడానికి లేదు. కొత్త ఫాంట్ అక్షరాలన్నీ పాత హార్డ్ డిస్కులో భద్రంగా ఉన్నాయి. సిస్టమ్ డిస్కు కూడా ఆవిడ డబ్బిచ్చి కొన్నదే, బిల్లుతో సహా బీరువాలో ఉంది. ఇక కావలసింది డబ్బా.

జూన్ 9, ఆదివారం

కట్టేశాను! కేబినెట్, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు. డైనింగ్ టేబుల్ మీద నుంచి దీన్ని ఎప్పుడు లేపుతారు అని మా ఆవిడ అడిగింది. ముందు ఇది నిద్ర లేవాలి కదా అన్నాను. స్విచ్చి నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి. అత్తయ్యగారు వచ్చి చూసి, అల్లుడుగారికి మంచి ఓపికే అన్నారు, మా ఆవిడతో. అత్తయ్యగారు నాతో నేరుగా మాట్లాడ్డం తక్కువ. నేనూ అంతే. మధ్యలో మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ.

జూన్ 10, సోమవారం

నల్ల తెర.

జూన్ 13, గురువారం

ఇప్పటికీ నల్ల తెరే, కాకపోతే ఇప్పుడు దాని మీద తెల్ల అక్షరాలు వరదలా పారి ఒకచోట ఆగిపోతున్నాయి.

నెట్‌లో ఇలాంటి పిచ్చివాళ్లకి ఒక ఫోరం ఉంది. అందులో కెర్నల్‌తాత అనే పేరుతో ఒకాయన ఉన్నాడు. ఏది అడిగినా, ముందు వెతికి తర్వాత అడుగు అంటాడు. వెతికితే ఇంకొకడు అడిగిన అదే ప్రశ్న దొరుకుతుంది, దాని కింద ఆయనే, ముందు వెతికి తర్వాత అడుగు అని రాసి ఉంటాడు. వీధి చివర నిలబడి, దారి తెలిసినవాళ్లకి మాత్రమే దారి చెప్పే రకం.

అయినా ఒక్క ముక్క మాత్రం అర్థమైంది. ఆ సిస్టమ్ లేవగానే, నేను మా కంపెనీ డబ్బాలోనే ఉన్నానా అని తడుముకుని చూసుకుంటుంది. కాదని తెలిస్తే కదలదు. అందుకని ముందుగా ఒక చిన్న ప్రోగ్రాం లేచి, అవునమ్మా, ఇది మీ ఇల్లే, ఇదిగో మోడల్ పేరు, ఇదిగో సీరియల్ నంబరు అని నమ్మబలకాలి. కొత్త కోడలికి అత్తింటినే పుట్టిల్లని చెప్పి నిద్ర లేపడం లాంటిది.

నమ్మించే ఫైలు రాశాను. నమ్మలేదు.

జూన్ 16, ఆదివారం

గ్రాఫిక్స్ కార్డు మరీ కొత్తదట! అంత కొత్త కార్డు ఆ పాత సిస్టమ్‌కి తెలియదట. నేను ఏరికోరి, బతిమాలి, మంచిదివ్వండి అని అడిగి తెచ్చుకున్న కార్డు.

షాపాయన దగ్గరికి వెళ్లి ఇంతకంటే పాతది, చవకది ఇవ్వండి అంటే, నన్ను కింది నుంచి పైకి చూసి, కార్డు వెనక్కిచ్చి చెత్తది అడిగినవాళ్లని మిమ్మల్నే చూశాను సార్ అన్నాడు. చెత్తకుప్పలాంటి డ్రాయర్‌లో చెయ్యిపెట్టి దుమ్ముపట్టిన కార్డు ఒకటి తీసిచ్చాడు. తుడుచుకోండి అని గుడ్డ కూడా ఇచ్చాడు.

జూన్ 17, సోమవారం

తెర వచ్చింది. కంపెనీ బొమ్మ వచ్చింది. ఇంట్లో అందరినీ పిలిచాను. అందరూ వచ్చేసరికి బొమ్మ పోయింది.

జూన్ 21, శుక్రవారం

మౌస్ ఉంటే కీబోర్డు లేదు. కీబోర్డు ఉంటే మౌస్ లేదు. తోడికోడళ్లు.

జూన్ 26, బుధవారం

ఆఫీసులో తిట్లు. ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ మధ్యలో ఆగింది. నేను ఫోనులో మా మెకానిక్‌కి, రాత్రంతా కంప్యూటర్ సెట్టింగులు తిప్పిన మత్తులో, ముందు బయోస్‌లోకి వెళ్లు అన్నానట. లోపల ఇరుక్కున్న పెద్దాయన అది విని, నాయనా, ముందు బయటికి తియ్యండి అన్నాడట.

మా ఆవిడ ఇవాళ మళ్లీ అంది, ఆ పాత మోడలే సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కడైనా దొరుకుతుందేమో చూడకూడదా అని. చూస్తే దొరకొచ్చు. కానీ కట్టి చూపిస్తానన్నది నేను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటే ఇదేనేమో అని అనుకోకపోలేదు. అనుకుని, మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

జూలై 7, ఆదివారం, ఉదయం

నడిచింది!!

శబ్దం రాదు. నిద్రపుచ్చితే లేవదు. వైఫై లేదు. పోనీ. గుడ్డి కన్నా మెల్ల నయం. కానీ నడిచింది. పాత సాఫ్ట్‌వేర్ వేశాను. తెరుచుకుంది. పాత హార్డ్ డిస్కు తగిలించాను. ఆవిడ ఫైలు తెరిచాను. అ నుంచి ఱ దాకా తెర నిండా అక్షరాలు. ఇన్నాళ్లూ తిట్టుకుంటూనే ఉన్నాను గానీ ఎందుకోసం తిట్టుకుంటున్నానో ఇప్పుడే చూశాను. బొద్దుగా, నవ్వుమొహంతో ఉన్నాయి.

మళ్లీ ఎప్పుడు పడుకుంటుందో ఈ మహాతల్లి అని, అన్నిటినీ ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్‌లోకి మార్చి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టాను. తర్వాత అత్తయ్యగారిని పిలిచాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఇది పెన్ను కాగితంలో దిగబడేలా రాస్తున్నాను. కోపంతో.

అత్తయ్యగారు వచ్చి కూర్చున్నారు. కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. చెయ్యి మౌస్ మీదికి తనంతట తనే వెళ్లింది. నేను పక్కన పెళ్లికొడుకులా నిలబడ్డాను. ఆవిడకు అలవాటట, ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మెషీన్ వివరాలు ఒకసారి తెరిచి చూస్తారు. తెరిచారు. నేను పెట్టిన దొంగ మోడల్ పేరు, దొంగ సీరియల్ నంబరు, ఆ కంపెనీ డబ్బా బొమ్మ, అన్నీ తళతళలాడుతూ కనిపించాయి.

ఇది మీరు కట్టింది కదండీ, దీని మీద వాళ్ల పేరెందుకుంది అని అడిగారు. నేరుగా నన్నే.

అలా చెప్తేనే నడుస్తుందండీ అన్నాను.

అంటే అబద్ధమా అన్నారు.

చిన్న సర్దుబాటు అన్నాను.

ఆవిడ లేచి వెళ్లి బీరువాలోంచి డిస్కు డబ్బా తెచ్చారు. అందులో మడతపెట్టిన ఒప్పందం కాగితం ఉంది, చీమతలకాయంత అక్షరాలతో. భూప్రపంచంలో దాన్ని ఇంతవరకూ ఎవరూ చదివి ఉండరు. భూతద్దం పెట్టుకుని ఆవిడ మొత్తం చదివారు. మా ఆవిడా, నేనూ పరీక్ష హాల్లో పిల్లల్లా కూర్చున్నాం. ఒకచోట వేలు ఆపి, ఇదిగో, మా కంపెనీ పేరున్న మెషీన్‌లోనే వేసుకోవాలని రాశారు, అప్పుడు నేను ఒప్పుకునే వేసుకున్నాను అన్నారు.

అందరూ చదవకుండానే నొక్కుతారండీ అన్నాను.

నా అక్షరాలు ఎత్తుకున్నవాడు కూడా ఇదే అన్నాడండీ, అందరూ వాడుకునేవే కదమ్మా, వాడితే అరిగిపోతాయా అని. నా అక్షరాల మీద వాడి పేరు. మీ కష్టం మీద వీళ్ల పేరు. స్విచ్చి కట్టేయండి అన్నారు.

కట్టేశాను.

జూలై 8, సోమవారం

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు.

జూలై 10, బుధవారం

టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ద్వారా వాదన. అక్షరాలు ఆవిడవి, డిస్కు ఆవిడ కొన్నది, కష్టం నాది, ఆ కంపెనీ ఆ మెషీన్ అమ్మడమే మానేసింది, ఇక ఎవరికి నష్టం అని అడగమన్నాను. మా ఆవిడ వెళ్లి వచ్చింది. నష్టం సంగతి కాదట. నా వస్తువును ఎలా వాడాలో చెప్పే హక్కు నాకుందని ఇన్నేళ్లూ ఒకడితో పోట్లాడిన దాన్ని, ఆ హక్కు వాళ్లకి లేదని ఇవాళ ఏ మొహంతో అనను అన్నారట.

స్క్రూడ్రైవర్‌ని డ్రాయర్‌లోకి విసిరాను.

మరి పిల్లల పుస్తకంలో ఆ దొంగ ఫాంటే పడుతుంది కదా, అప్పుడెలా అని అడిగి రమ్మన్నాను. మా ఆవిడ వెళ్లనంది. మీరే అడగండి, నాకు రేపటి వర్క్‌షీట్లున్నాయి అంది.

అడగలేదు.

జూలై 13, శనివారం

సెకండ్‌హ్యాండ్ వెతికాను. ఇంత జరిగాక సిగ్గేముంది. ఆ మోడల్ ఒకటి దొరికింది. నడవదు. ఇంటీరియర్ డెకరేషన్‌కి బాగుంటుందని అమ్ముతున్నాడు, లోపల చేపలు వేసుకోవచ్చట.

జూలై 14, ఆదివారం

అత్తయ్యగారు ఆ కంపెనీకి మెయిల్ రాశారు. మా ఆవిడ టైప్ చేసింది. మీ పాత మెషీన్ పాడైంది, మా అల్లుడుగారు ఎంతో శ్రమపడి ఒక మెషీన్ కట్టారు, నేను కొన్న మీ సిస్టమ్‌ను అందులో వాడుకోవడానికి దయచేసి అనుమతి ఇవ్వగలరు అని. పక్క గదిలోంచి విన్నాను. ఎంతో శ్రమపడి అన్న చోట టైపింగ్ ఆగింది. ఆ ముక్క తీసెయ్యనా అమ్మా, వాళ్లకెందుకు అని మా ఆవిడ అడిగింది. ఉండనీ, అది నిజమే కదా అన్నారు ఆవిడ.

జూలై 15, సోమవారం

జవాబు వచ్చింది. మీ సందేహం మాకు ముఖ్యం, ఈ కింది వ్యాసాలు చదవండి, ఇవి మీకు ఉపయోగపడ్డాయా, అవును, కాదు. అత్తయ్యగారు కాదు నొక్కమన్నారు. ధన్యవాదాలు అని వచ్చింది.

జూలై 18, గురువారం

పెన్‌డ్రైవ్ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్ని అక్షరాలూ అందులో ఉన్నాయి, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. నేనే తిన్నగా ఎడిటరమ్మకి పంపేస్తే? అత్తయ్యగారికి తెలిసేసరికి పుస్తకాలు అచ్చైపోతాయి. పిల్లలు చదువుకుంటారు. అందరికీ మంచిదే.

ఆ సీడీలవాడు కూడా ఏదో ఒకనాడు ఇలాగే అనుకుని ఉంటాడా?

మా ఆవిడకి చెప్పాను. తిట్టలేదు. ఈ ఒక్కటి మాత్రం నా చేత మోయించకండి, మీరే చెప్పండి అంది.

జూలై 21, ఆదివారం

పొద్దున్నే కాఫీ తాగాక వెనక గదికి వెళ్లాను. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారి అనుకుంటాను. గోడల నిండా కాగితాలు, ఒక్కో కాగితానికి ఒక్కో అక్షరం. చెప్పాను. ఆ రోజు మంచి ఉద్దేశంతోనే తీశానండీ, తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు అన్నాను.

ఆవిడ కోప్పడతారనుకున్నాను. ఒకసారి చూపించండి అన్నారు. మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో తెరిచాను.

ఒక్కొక్క అక్షరమే పెద్దది చేసి చూస్తూ పోయారు. ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చింది. నేను కదల్లేదు. చివరికి, ప చూడండి అన్నారు. చూశాను. బాగుందండీ అన్నాను. బాగాలేదు, పైన తెరుచుకుని ఉండాల్సిన నోరు సగమే తెరుచుకుంది, పిల్ల దీన్ని వ అనే చదువుతుంది అన్నారు. ఇవి నేను కళ్లు బాగున్నప్పుడు గీసినవి, అప్పుడు కళ్లు బాగున్నాయి గానీ ఇది కనపడలేదు అని నవ్వారు. ఆ నవ్వు నేను ఇంతకుముందు చూడలేదు.

తీసెయ్యండి అన్నారు. నాకు చెయ్యి రాలేదు. ఆవిడే నొక్కారు.

ఎందుకు? ఒప్పందం కోసమా, ప కోసమా? అడిగాను. రెండూ కావచ్చండీ, మీరు కట్టిన డబ్బాలో ఊరికే దొరికే సిస్టమ్ ఏదో ఉంటుందటగా, అది వెయ్యండి, మళ్లీ గీద్దాం అన్నారు.

గీద్దాం అన్నారు. గీస్తాను అనలేదు.

జూలై 22, సోమవారం

ఎవరైనా వేసుకోవచ్చనే సిస్టమ్ వేశాను. మొదటి దెబ్బకే లేచింది. మౌస్, కీబోర్డు, శబ్దం, వైఫై, అన్నీ. ఆ కొత్త కార్డు కూడా పనిచేసేదట.

నేనేమీ అనను.

జూలై 28, ఆదివారం

ఈమె తల్లి కడుపు చల్లగుండ, అత్తయ్యగారితో పనిచెయ్యడం కంటే ఆ వంకర సిస్టమే నయం.

పద్ధతి ఇదీ. ఆవిడ కాగితం మీద గీస్తారు. నేను స్కాన్ చేసి, తెర మీద గీత వెంట చుక్కలు పెట్టి, వంపులు తిప్పాలి. ఇవాళంతా ఒక్క తలకట్టు మీదే గడిచింది. కొంచెం లేపండి. మరీ లేచింది. దింపండి. కోపంగా చూస్తోంది, నవ్వమనండి. గీత నవ్వడమేమిటండీ? నేను లిఫ్టులు బాగుచేసుకునే మనిషిని, గీతల్ని ఎలా నవ్వించను? ఆవిడకేమో నేను చుక్క పక్కన చుక్క పెడితే ఒళ్లు మండుతుంది. అన్ని మేకులు కొడితే వంపు ఊపిరెలా తీసుకుంటుందండీ అంటారు.

ఎక్స్ఛేంజీ మూతపడింది. నేరుగానే తిట్టుకుంటున్నాం, అండీ తగిలించి.

ఆగస్టు 4, ఆదివారం

లెక్క తేలడం లేదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వాటి కింద వత్తులు. ఆగస్టు ఆఖరుకి సగం కూడా అవదు. అత్తయ్యగారు పెన్సిల్ కింద పెట్టి, ఎడిటరమ్మకి ఫోన్ చేసి వదులుకుంటున్నానని చెప్పేస్తాను అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. పెన్సిల్ మాత్రం దొర్లిపోయి మంచం కిందికి వెళ్లింది, తీసుకోలేదు.

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ తల తిప్పకుండానే అంది, ఒకటో తరగతి వాచకంలో సగం దాకా వత్తుల్లేని మాటలే కదమ్మా, అరక, ఇటుక, పడవ, పలక, అవి చాలుగా ముందు అని.

అత్తయ్యగారు, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మొదటి భాగం ఒక పుస్తకంగా, రెండో భాగం తర్వాత వెయ్యొచ్చేమో అడగమంది మా ఆవిడ. అడిగారు. ఎడిటరమ్మ అలాగే చేద్దామమ్మా అంది.

ఇన్నాళ్లూ ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంది.

ఆగస్టు 12, సోమవారం

ఖ తో నాకు పగ.

ఆగస్టు 18, ఆదివారం

మధ్యాహ్నం అత్తయ్యగారు తెర ముందు నుంచి లేచి, మీరే కానివ్వండి, నేను కాసేపు నడుం వాలుస్తాను అన్నారు. ఒక్కడినే కూర్చుని ప నోరు తెరిచాను. ఆవిడ లేచి వచ్చి చూశారు. కళ్లద్దాలతో చూశారు, అద్దాలు తీసి చూశారు, దూరం నుంచి చూశారు.

లేపండి అనలేదు, దింపండీ అనలేదు!

ఆగస్టు 29, గురువారం

పంపేశాం. ఫాంట్‌కి పేరు ఏం పెట్టాలని ఎడిటరమ్మ అడిగితే, అత్తయ్యగారు తర్వాత చూద్దాం, గీసింది మాత్రం ఇద్దరని రాయండి అన్నారట. నేను ఆఫీసులో ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. లిఫ్ట్ షాఫ్టులో ఉన్నానమ్మా, సరిగ్గా వినపడట్లేదు అన్నాను. వినపడింది.

సెప్టెంబరు 10, మంగళవారం

ఎడిటరమ్మ నమూనా పేజీలు పంపింది. మా ఆవిడ క్లాసుకు తీసుకెళ్లింది. అందులో ఒక పిల్ల బడి తెరిచినప్పటి నుంచీ పాపను వావ అనే చదువుతోందట. ఇవాళ పాప అందట. అని, మళ్లీ వావ అని, మళ్లీ పేజీ కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, పాపే టీచర్ అందట.

అత్తయ్యగారికి ఇది చెప్తే, రెండోసారి ఎందుకు తప్పిందో కనుక్కోమన్నారు.

సెప్టెంబరు 15, ఆదివారం

పొద్దున్నే పేపరు తిరగేశాను. మొదటి పేజీలో పెద్ద వార్త, పేజీకి అడ్డంగా. ఏమిటండీ అంత సీరియస్‌గా చూస్తున్నారు, ఏమైంది అని మా ఆవిడ అడిగింది. తెలియదన్నాను. శీర్షికలో ఘ పొట్ట సరిగ్గా లేదు.